చేప విరగ్గొట్టని కర్రలు

పాత గాలపు కర్రలు బాగుచేసే వాళ్లలో ఎవరిని కదిపినా ఒకటే మాట చెబుతారు. చేప లాగితే విరిగిన కర్రలు తమ దగ్గరికి తక్కువగా వస్తాయట. కారు తలుపు సందులో పడి నలిగినవి, సీలింగ్ ఫ్యాను రెక్క తగిలి తెగినవి, చీకట్లో ఎవరి కాలి కిందో పడినవే ఎక్కువట. జోరు నీళ్లలో ఏళ్లతరబడి పెద్దపెద్ద చేపలతో పెనుగులాడి గెలిచిన కర్ర, తీరా ఇంటికొచ్చాక గుమ్మం దగ్గర ప్రాణం వదులుతుందన్నమాట. పాత వెదురు కర్రలు పోగేసే పిచ్చి నాకు నేర్పిన సంగతీ ఇదే. వాడటంలో పోయేది కొంచెం, దాచడంలో పోయేది బోలెడు.

నేనుండేది న్యూజెర్సీలో. ఉత్తరంగా కారులో రెండు మూడు గంటలు పోతే క్యాట్‌స్కిల్ కొండలు, వాటి మధ్య బీవర్‌కిల్, విల్లోవీమాక్ అనే చల్లటి ఏర్లు. అమెరికాలో ఫ్లై ఫిషింగ్‌కు అది పుట్టిల్లు లాంటి చోటు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరైనా ఇల్లు ఖాళీ చేస్తూ సామాను అమ్మకానికి పెడితే, గ్యారేజీ మూలనో అటక మీదో సన్నటి అల్యూమినియం గొట్టం ఒకటి కనబడుతుంది. మూత తిప్పి చూస్తే లోపల గుడ్డసంచి, సంచిలో మూడు నాలుగు వెదురు ముక్కలు. నా సేకరణంతా అలా వచ్చిందే.

గోదావరి కాలవ గట్టున పెరిగినవాడికి ఇదంతా మొదట నవ్వులాటగానే ఉంటుంది. మా ఊళ్లో గాలపు కర్రకు వయసంటూ ఉండేది కాదు. పొదలోంచి సన్నటి వెదురు కొట్టుకొచ్చి, నైలాను దారం కట్టి, నెమలి ఈనె బెండుగా పెట్టి, ఎర్ర గుచ్చి పడేసేవాళ్లం. జెల్లలు, పరిగెలు, అదృష్టం బాగుంటే ఒక కొర్రమీను. కర్ర విరిగితే ఇంకోటి. దాచేవాడే లేనప్పుడు పాత కర్ర అనేదీ ఉండదు.

ఇక్కడి కర్రల కథ వేరు, ఎందుకంటే వీటి పని వేరు. మన గాలం దూరంగా పడాలంటే దానికి సీసం గుండు కడతాం, ఆ బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో కొక్కెం మీద ఈకలు, బొచ్చు చుట్టి దొంగ పురుగును తయారు చేస్తారు. దానికి బరువే ఉండదు. బరువంతా దారంలో ఉంటుంది. కర్ర వెనక్కి వంగి, మళ్లీ నిటారయ్యేటప్పుడు ఆ విసురును దారానికి అందించాలి. అంటే కర్ర విల్లులా వంగాలి, వంగిన మరుక్షణం తిన్నగా కావాలి, అదీ రోజుకు కొన్ని వందల సార్లు. పొదలోంచి కొట్టుకొచ్చిన వెదురు ఈ పని చేయలేదు.

వెదురు బలమంతా పైతోలుకు ఆనుకున్న నారలో ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ వట్టి గుజ్జు. అందుకని బొంగును బద్దలుగా చీల్చి, ఒక్కో బద్దను మూడు పలకలుగా చిత్రిక పట్టి, తోలు వైపు బయటికి వచ్చేలా ఆరు బద్దలను జిగురుతో కలుపుతారు. ఒక బద్ద కణుపు పక్క బద్ద కణుపుకు ఎదురు రాకుండా జరిపి పెడతారు. పిడి నుంచి కొస దాకా సన్నబడుతూ పోయే కర్ర, చివరన రెండు మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. అంత సన్నటి చోట కూడా ఆరు బద్దలూ ఉంటాయి, ఆరింటికీ ముక్కోణం పొల్లుపోదు. భూతద్దం పెట్టి కొసను చూసిన ప్రతిసారీ, చేసినవాడి కళ్లు ఎలాంటివో అనుకుంటాను.

ఈ పనితనాన్ని అమెరికాలో మొదలుపెట్టిన ఘనత పెన్సిల్వేనియాలోని ఈస్టన్‌లో తుపాకులు చేసే శామ్యూల్ ఫిలిప్‌కు ఇస్తారు. 1840లలో మాట. తర్వాత మెయిన్ రాష్ట్రం నుంచి హైరమ్ లెనార్డ్ వచ్చాడు. బద్దలను కోణం తప్పకుండా కోసే యంత్రం ఒకటి తయారుచేసి, దాన్ని తాళం వేసిన గదిలో పెట్టుకున్నాడు. 1881లో దుకాణాన్ని న్యూయార్క్ రాష్ట్రంలోని సెంట్రల్ వ్యాలీకి మార్చాడు. ఆయన దగ్గర పని నేర్చి బయటికొచ్చిన పేన్, థామస్, ఎడ్వర్డ్స్ తలో కొట్టూ పెట్టుకున్నారు. నేటికీ సేకర్తలు వేలాది డాలర్లు పోసి కొనే కర్రల మీద ముద్రలు చాలావరకు ఈ ఒక్క కొట్టు వంశానివే.

ఆ తొలినాటి కర్రల వెదురు మనదేశం నుంచే వెళ్లిందని తెలిసిన రోజు నాకు కాస్త గర్వంగా అనిపించింది. కలకత్తా రేవులో ఓడ ఎక్కేది కాబట్టి దాన్ని కలకత్తా కేన్ అన్నారు. ఒంటి మీద కాల్చిన మచ్చలుంటాయి, ఎంత వార్నిష్ పూసినా దాగవు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చైనా వెదురు దాన్ని పక్కకు నెట్టేసింది. కాంటన్ వైపు గ్వాంగ్‌డాంగ్ కొండల్లో, సూయి నది పరివాహకంలో పెరిగే ఆ వెదురుకు నార దట్టం, కణుపు పొంకం, బొంగు తిన్నన. మెక్‌క్లూర్ అనే వృక్షశాస్త్రవేత్త 1931లో దాన్ని వర్ణించి శాస్త్రీయ నామం పెట్టేనాటికే ప్రపంచంలోని మంచి గాలపు కర్రలన్నీ దానితోనే తయారవుతున్నాయి.

మనవైపు ఈ సరదా దొరలతో వచ్చింది. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెచ్.ఎస్. థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అచ్చు వేయించాడు. అంతటితో ఆగక 1887లో చెరువుల్లో గాలం వేయడం గురించి ‘ట్యాంక్ ఆంగ్లింగ్ ఇన్ ఇండియా’ అని ఇంకో పుస్తకం రాశాడు. మన చెరువు గట్టు మీద గాలం పట్టుకు కూర్చోవడం కూడా ఒక పుస్తకానికి సరిపడా విషయమని ఆయనకు తోచింది.

మరి ఇంత బతుకు బతికిన వెదురు కర్ర పురాతన వస్తువు ఎలా అయింది? వయసు మీరి కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత షేక్‌స్పియర్ కంపెనీ ఫైబర్‌గ్లాస్ కర్రలు తెచ్చింది. అవి చవక, తడికి చెడవు. అదే సమయంలో కొరియా యుద్ధం వచ్చింది. 1950 డిసెంబరులో అమెరికా చైనాతో వ్యాపారం ఆపేసింది. వెదురు రాక ఆగిపోయింది. ఆ నిషేధం 1971 దాకా తొలగలేదు. ఉన్న బొంగులతో కొందరు నెట్టుకొచ్చారు, చాలామంది మూసేశారు. తిరిగి వెదురు వచ్చేసరికి కొనేవాళ్లు మారిపోయారు, 1973లో ఫెన్విక్ కంపెనీ గ్రాఫైట్ కర్రను బజారులో పెట్టింది. అప్పటిదాకా పనిముట్టుగా ఉన్నదాన్ని ఒక సర్కారు ఉత్తర్వు, రెండు కొత్త పదార్థాలు కలిసి అటకెక్కించాయి. అటకెక్కాకనే దానికి అసలు గండాలు మొదలయ్యాయి.

కర్రను చూడగానే అది ఎక్కడ దెబ్బతిందో చెప్పేయవచ్చు. మూడు ముక్కల కర్రకు సాధారణంగా కొసలు రెండు ఇస్తారు, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందని. ముక్కలన్నిటినీ బల్ల మీద పక్కపక్కన నిలబెడితే ఎత్తు సమానంగా ఉండాలి. ఒక కొస రెండు మూడు అంగుళాలు పొట్టిగా ఉందంటే తలుపో ఫ్యానో దాన్ని మింగేసింది. అమ్మేవాళ్లు విరిగిన చోటే చివరి కడియం మళ్లీ బిగించి ఊరుకుంటారు. ముక్కను కంటికి ఆనించి తుపాకీ గురి చూసినట్టు చూస్తే ఒక పక్కకు వంపు తెలుస్తుంది. ఏళ్ల తరబడి గోడకు ఆనించి నిలబెట్టేస్తే ఒరిగిన వైపే ఉండిపోతుంది కర్ర. బద్దల మధ్య వెంట్రుకంత సందు కనిపిస్తే జిగురు వదిలినట్టు. పాతకాలంలో వాడింది పశువుల చర్మం, ఎముకలు ఉడికించి తీసిన జిగురు, దానికి తేమ పడదు. అందుకే పందొమ్మిదో శతాబ్దపు కర్రల మీద అంగుళానికొక చోట పట్టుదారం చుట్టి కనిపిస్తుంది. అది అందానికి కాదు, జిగురు మీద నమ్మకం లేక.

ముక్కలను కలిపే చోట గొట్టంలో గొట్టం దూరే లోహపు జోడు ఉంటుంది, ఫెరూల్ అంటారు. మంచి కర్రల్లో అది జర్మన్ సిల్వర్. రాగి, నికెలు, జింకు తప్ప అందులో వెండి చుక్క కూడా ఉండదు. సరిగ్గా అమరిన జోడును విడదీస్తే సీసా బిరడా తీసినట్టు టప్‌మని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు కోసమే కొన్న కర్రలున్నాయి నా దగ్గర. పాతవాళ్లు దీన్ని బిగించే ముందు ముక్కు పక్కన ఒకసారి రుద్దేవాళ్లు, ఆ కాస్త జిడ్డు చాలు. బిగుసుకుపోతే కర్రను మోకాళ్ల వెనక అడ్డంగా పట్టుకుని, మోకాళ్లతో చేతులను బయటికి నెట్టాలి. అప్పుడు లాగుడు తిన్నగా ఉంటుంది. మెలిపెట్టి తీశారా, ఫెరూల్ మెడ దగ్గర వెదురు పీచులు పీచులుగా లేస్తుంది.

అన్నిటికంటే పెద్ద శత్రువు, కాపాడటానికని ఇచ్చిన గొట్టమే. సాయంత్రం ఏటి నుంచి వచ్చి, తడి తుడవకుండా సంచిలో పెట్టి, సంచిని గొట్టంలో దూర్చి మూత బిగిస్తే ఆ తేమకు దారి ఉండదు. వార్నిష్ బుడగలు తేలుతుంది, సంచి నేత దాని మీద అచ్చు పడుతుంది, బూజు పడుతుంది. ఆ గొట్టాన్నే ఎండలో కారు డిక్కీలో వదిలేస్తే జిగురు మెత్తబడుతుంది. మంచి కర్ర ఉండాల్సిన చోటు బట్టల బీరువాలో కొక్కెం. పొడి సంచిలో పెట్టి, సంచి తాడుతో తలకిందులు కాకుండా వేలాడదీస్తే చాలు. కొందరు ఈ తేమ బెడదను ముందే కనిపెట్టి, కర్రనే తడికి లొంగకుండా చేయాలని చూశారు. వెర్మాంట్‌లోని ఓర్విస్ కంపెనీలో వెస్ జోర్డన్ 1940లలో వెదురు లోపలికంటా రెజిన్ పట్టించే పద్ధతి కనిపెట్టాడు. ఆ కర్రలకు పైన వార్నిష్ అక్కర్లేదు. సేకర్తలు వాటిని కాస్త చిన్నచూపు చూస్తారు గానీ, రోజూ ఏటికి పోయేవాడు చూడడు.

ఇక్కడే మా సేకర్తల్లో రెండు మతాలు. ఒక మతం వాళ్లకు కర్ర దుకాణంలోంచి వచ్చినట్టే ఉండాలి. నీళ్లు తగలకూడదు, పిడి మీద చెయ్యి మురికి ఉండకూడదు, ధర చీటీ దారానికి వేలాడుతుంటే మరీ ఆనందం. పేన్ కర్ర అయినా, ఎవరెట్ గారిసన్ కర్ర అయినా గాజు తలుపుల వెనకే. ఈ గారిసన్ వృత్తిరీత్యా ఇంజనీరు. కర్ర ఏ అంగుళం దగ్గర ఎంత మందం ఉండాలో లెక్క కట్టి మరీ చేసేవాడు. ఆయన పోయాక 1977లో ఆయన పద్ధతంతా హోగీ కార్మైకేల్ పుస్తకంగా తెచ్చాడు. అది చదివి ఇంట్లో చిత్రిక బల్ల వేసుకుని కర్రలు చేసుకున్నవాళ్లు దేశమంతా ఉన్నారు. గారిసన్ మిగిల్చి వెళ్లింది కర్రలనే అయితే, అవి కొద్దిమంది అద్దాల బీరువాల్లో ఆగిపోయేవి. చేసే తీరు బయటికొచ్చింది కాబట్టి ఈ విద్య ఇంకా నడుస్తోంది.

నేను రెండో మతం. నాకు పేన్ అందదు, అందినా కొనను. యూటికాలోని హారాక్స్-ఇబట్‌సన్, మసాచుసెట్స్‌లోని మాంటేగ్, ఇండియానాలోని సౌత్ బెండ్ లాంటి కార్ఖానాల్లో జనం కోసం చేసిన మామూలు కర్రలు నావి. పిడి కార్కు మీద ఎవరి బొటనవేలో ఏళ్లపాటు నొక్కి చేసిన గుంట ఉంటే, నేను అక్కడ ఆగిపోతాను. ఆ కర్ర పనిచేసిందనడానికి అంతకంటే పెద్ద పూచీ ఏముంది? పాత కర్రల మీద హెచ్‌డీహెచ్ లాంటి అక్షరాలుంటాయి, అది పట్టుదారం మందానికి గుర్తు. ఇవాళ్టి లెక్కలో దాదాపు ఆరో నంబరు దారం. అది కట్టి, గడ్డిలో విసిరి చూస్తాను. కర్ర మధ్యలో నుంచి మెల్లగా మేలుకుని కొస దాకా కదలాలి. గ్రాఫైట్‌కు అలవాటుపడ్డ చెయ్యి మొదట తొందరపడుతుంది, కర్ర దాన్ని లెక్కచేయదు.

చెడిపోతుందేమో అని వాడనివాళ్లతో నా పేచీ ఒక్కటే. వాడే కర్రను తుడుస్తాం, ఆరబెడతాం, దారం వదులైతే ఆ రాత్రే చుడతాం, సందు కనిపిస్తే మంచివాడి దగ్గరికి తీసుకుపోతాం. దాచిన కర్రను ఏళ్లకేళ్లు ముట్టుకోం, ముట్టుకునేసరికి లోపల ఏం మిగిలిందో తెలియదు. వాడితే విరిగే ప్రమాదం నిజమే. దిగువన పడ్డ చేపను పైకి లాగాలని కర్రను నిలువుగా ఎత్తితే కొస టప్పున పోతుంది, అది పూర్తిగా మనిషి తప్పు. కానీ అలా పోయినవాటిని లెక్కపెట్టవచ్చు. అటకల మీద నిశ్శబ్దంగా పోయినవాటికి లెక్క లేదు.

ఈమధ్య మా అబ్బాయి బట్టల బీరువా తెరిచి, “నాన్నా, తర్వాత ఇవన్నీ నేనేం చేసుకోను?” అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. సేకర్త పోయాక సేకరణ గ్యారేజీ బల్ల మీదికే వస్తుంది, నేను కొన్నదీ అక్కడే. అందుకని ఇప్పుడు ప్రతి సంచిలో ఒక చీటీ పెడుతున్నాను. ఏ దారం సరిపోతుంది, ఏ కొస మంచిది, ఏ చోట అతుకు ఉంది, ఎంతకు కొన్నాను, ఇష్టం లేకపోతే ఎవరికి అమ్మవచ్చు. అందులో నచ్చిన ఒకటి తీసుకుని ఏటికి పో, మిగతావి వాడేవాళ్లకు ఇచ్చెయ్ అని చెప్పాను. చీటీ అడుగున మాత్రం అన్నిటికీ ఒకే వాక్యం, కొంచెం పెద్ద అక్షరాలతో: తడిగా ఉంటే గొట్టంలో పెట్టకు.