గోబర్ గ్యాస్ తొట్టికి మేత

మద్నూర్ పత్తి, సోయా పండే మండలం. రాష్ట్ర ప్రభుత్వ పల్లె ప్రగతి కార్యక్రమం పుణ్యమా అని పంచాయతీలకు ట్రాక్టర్లు, డంపింగ్ యార్డులు వచ్చాయి. కానీ యార్డులో కుప్పపడిన తడి చెత్త లోలోపల కుళ్లి మీథేన్‌ను గాలిలో కలుపుతుంది. వందేళ్ల లెక్కన ఆ వాయువు కార్బన్ డయాక్సైడ్ కంటే 27 రెట్లకు పైగా వేడి పెంచుతుంది. దాన్ని పట్టుకోవడానికి పెద్ద ప్లాంటే కావాలని చాలామంది అనుకుంటారు. చిన్న తొట్టిలోనూ దిగుబడి పెంచవచ్చని, అది వేసే మేతను బట్టి ఉంటుందని నా నమ్మకం.

గాలి చొరని తొట్టిలో కొన్ని సూక్ష్మజీవులు చెత్తను ఆమ్లాలుగా మారుస్తాయి, మరికొన్ని ఆ ఆమ్లాల నుంచి మీథేన్ తయారుచేస్తాయి. మొదటివాటిది తొందర, రెండోవాటిది నిదానం. మిగిలిన అన్నం, మెత్తబడ్డ పండ్లు ఒక్కసారే కుమ్మరిస్తే ఆమ్లం పేరుకుని మీథేన్ ఆగిపోతుంది. గ్యాస్ నిండినట్టే ఉంటుంది, పొయ్యి అంటుకోదు. మీథేన్ చేసే జీవులు పశువు కడుపులోంచి పెండతోనే వస్తాయి కాబట్టి పెండ లేకుండా మొదలుపెట్టడం కష్టం. అయితే అందులోని సారం చాలావరకు పశువుకే పోయింది. కిలో పెండకు సుమారు 40 లీటర్ల గ్యాసే వస్తుంది. కూరగాయల చెత్తను సన్నగా తరిగి, రోజూ కొద్దికొద్దిగా పెండలో కలిపితే దిగుబడి పెరుగుతుంది. పత్తి కట్టె మాత్రం వేయకూడదు, అందులోని లిగ్నిన్ ఈ జీవులకు కొరుకుడుపడదు. 35 డిగ్రీల దగ్గర అవి చురుగ్గా ఉంటాయి. అందుకే చలికాలంలో పెండను గోరువెచ్చని నీళ్లతో కలపాలి.

హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లోని బయోగ్యాస్ ప్లాంటు గురించి 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో చెప్పారు. ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) పరిజ్ఞానంతో కట్టిన ఆ ప్లాంటులో రోజుకు 10 టన్నుల కూరగాయల వ్యర్థాల నుంచి దాదాపు 500 యూనిట్ల కరెంటు తీశారు. అంత చెత్త మద్నూర్‌లో ఎక్కడిదని అడిగితే, లేదనే చెప్పాలి. బోయిన్‌పల్లి నుంచి మనం తీసుకోవాల్సింది చెత్తను వేరుచేసి, నలిపి, కొలతగా వేసే పద్ధతి. ఊళ్లలో గోబర్ గ్యాస్ తొట్లు ఎన్నో మూలపడ్డాయి కదా అన్న ప్రశ్న ఇంతకంటే గట్టిది. వంట గ్యాస్ సిలిండర్ రావడం ఒక కారణం. పెండ ఎత్తి కలిపే చాకిరీ జీతం లేకుండా ఆడవాళ్ల మీద పడటం, నా దృష్టిలో, అసలు కారణం. ఆ పనిని పంచాయతీ కూలి ఇచ్చి చేయించాలి. గ్యాస్‌ను బడి వంటకు, స్లర్రీని పత్తి చేలకు ఇవ్వాలి. పైపులు కారకుండా చూసే బాధ్యత ఒకరికి అప్పగించాలి, లేకపోతే కష్టపడి పుట్టించిన మీథేనే గాలిలో కలుస్తుంది. కూరగాయల చెత్త వచ్చే అంగడి వారానికొక్కసారే, తొట్టికి మాత్రం మేత రోజూ కావాలి. అంగడి చెత్తను ఏడు రోజులకు పంచి వేసే మనిషి దొరికితే కొత్త యంత్రం కొనే అవసరం చాలావరకు తప్పుతుంది.