అవే పూలు

ఈ వారం వాట్సాప్‌లో రెండు పెండ్లి పత్రికలొచ్చాయి, ఒకటి కోరుట్ల నుంచి, ఇంకోటి జగిత్యాల నుంచి. రెండూ వీడియోలే. రెండింట్లోనూ అదే వినాయకుడు చెవులాడిస్తాడు, అదే తలుపు తెరుచుకుంటుంది, అవే గులాబీ రేకులు రాలతాయి. పేర్లు, ముహూర్తం మాత్రం వేరు. ఒక పెండ్లికి బయల్దేరి ఇంకో పెండ్లిలో తేలినా నా తప్పు కాదు.

అంతటితో ఊరుకునేవాణ్నే. వత్తుల దగ్గర మండింది. కోరుట్ల పెండ్లికూతురి పేరు ‘ప్ర’తో మొదలు. పేరు ఒక్కో అక్షరంగా రావాలని పెట్టారు. ముందు ‘ప’ వచ్చింది, అది ‘ప్’ అయింది, ఆ తర్వాతే ‘ప్ర’. మనకు ఒకే అక్షరం, కంప్యూటర్ లెక్కలో మూడు: ప, పొల్లు, ర. ఇంగ్లిష్ కోసం అల్లిన కదలికలో తెలుగు పేరు పోస్తే ఇట్లాగే ముక్కలవుతుంది.

పేరు అట్లా విరగడం చూస్తే సిరిసిల్ల మామ యాదికొచ్చాడు. సిరిసిల్ల సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, ఎక్కువగా నేసేది సాదా బట్టే. మామ మాత్రం అంచులో పూలు నేసే డాబీ ఎక్కించాడు. సెలవులకు పోతే నేను ఆ షెడ్డులోనే ఉండేవాణ్ని. సాంచాల చప్పుడులో మాట వినబడదు, అంతా సైగలే. మామ గళ్ల కాగితం మీద పెన్సిల్‌తో పువ్వు వేసేవాడు. ఒక్కో అడ్డవరుస ఒక్కో పేక. ఆ లెక్కన చెక్కపట్టీల చిల్లుల్లో మేకులు గుచ్చేవాడు. మేకు ఉన్నచోట పడుగు పోగులు లేస్తాయి, లేనిచోట కిందే ఉంటాయి. పట్టీలను గొలుసుగా కట్టి ఎక్కిస్తే ఒకదాని వెంట ఒకటి తిరిగేవి. గొలుసు ఒక చుట్టు తిరిగితే అంచులో ఒక పువ్వు. ఒక్క మేకు తప్పినా రేకు విరిగేది, చుట్టు చుట్టుకూ అక్కడే విరిగేది. ఒకసారి ఆ తప్పు ముందు నా కంట్లోనే పడింది. మామ సాంచ ఆపి, ఎక్కడని వేలితో అడిగాడు. చూపించాను. పావలా ఇచ్చాడు.

ఫోన్లో తిరిగే జిఫ్ బొమ్మా ఇంతే: చుక్కలు, వరుసలు, చివరికొచ్చి మళ్లీ మొదటికి. 2000లో వచ్చిన నోకియా 3310 తెరకు అడ్డం 84 చుక్కలు, నిలువు 48. మామ గళ్ల కాగితమే దానికన్నా పెద్దది.

చేత్తో గీసిన ఆ పువ్వెక్కడ, ఈ అచ్చు పూలెక్కడ అని ముగిద్దామనుకుని ఆగాను. మామ పువ్వు మాత్రం? ఒకే గొలుసు మీద ఎన్ని తానులు దిగాయో. అదే అంచు కావాలని అడిగి మరీ కొన్నారు.

కొట్లాడదామనే కోరుట్లలో ఆ వీడియో చేసిన పోరడి ఫ్లెక్సీల దుకాణానికి పోయాను. మల్యాల మండలం లంబాడిపల్లిలో 2012లో మొదలైన మై విలేజ్ షో అనే యూట్యూబ్ చానల్, అందులోని గంగవ్వను చూసే ఎడిటింగ్ మోజులో పడ్డాడట. వాట్సాప్ స్టేటస్‌కు చాలా కాలం 30 సెకన్లే హద్దు కాబట్టి పెండ్లంతా ఆ 30 సెకన్లలో ఇరికించడం అలవాటైందన్నాడు. ఎటు పడితే అటు రాలే రేకులే డేటా తింటాయట. వాట్సాప్ వీడియోను కుదించినప్పుడు అక్షరాలు మసకబారేది వాటివల్లే. అందుకే ముహూర్తం వచ్చేసరికి రేకులు ఆపేస్తాడు. వినాయకుడి చెవులూ ఆగుతాయి. నాలుగు సెకన్లు తెరమీద ఏదీ కదలదు. నేను గమనించనే లేదు.

"నాలుగు సెకన్లెందుకు?" అన్నాను.

"దుబాయిల ఉన్నోళ్లు గక్కడ్నే స్క్రీన్‌షాట్ తీస్కుంటరు సార్. వచ్చేటోళ్లు టికెట్ కోసం. రానోళ్లు ఉంచుకునేతందుకు."

మా తమ్ముడి గృహప్రవేశానికి అక్కడే ఒకటి చెప్పొచ్చాను. అదే వినాయకుడు, అవే రేకులు. వత్తులు విరగకుండా చేసినందుకు మాత్రం యాభై రూపాయలు ఎక్కువ తీసుకున్నాడు.