ఊ కొట్టేవాడూ, అడ్డం పడేవాడూ

కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడి వెంట నడిచే గోపకుర్రాడు లేకపోతే ఆ పన్నెండు భాగాలూ లేవు. గురువుకి కాశీ చేరడం కావాలి. కుర్రాడికి కథ కావాలి. మజిలీ చేసిన ప్రతిచోటా ఊళ్లోకి వెళ్లి ఏదో వింత చూసొస్తాడు, దాని వెనక కథేమిటో చెప్పమని కూర్చుంటాడు. చెప్తేగానీ ముందుకు కదలడు. మధిర సుబ్బన్న దీక్షితులు ఆ శ్రోతని కథ బయట కూర్చోబెట్టలేదు, లోపలికే తీసుకొచ్చి గురువు పక్కన నడిపించారు. బేతాళ కథల్లో పట్టు ఇంకా గట్టిది. విన్నవాడు చివర్లో చిక్కు విప్పాలి, తెలిసీ నోరు మూసుకుంటే తల పగిలిపోతుంది. ఎగిరే గుర్రాలూ మాట్లాడే చెట్లూ ఉన్న కథకు ఎదురుగా ఒక మొండి శ్రోత ఉండి తీరాలని మన కథకులకు ఏనాడో తెలుసు.

ఇప్పుడు ఫాంటసీ రాస్తున్న తెలుగు కుర్రకారు చాలామంది ఆ మొండివాణ్ణి వదిలేశారు. రాతప్రతి పూర్తవగానే తమలాగే హ్యారీ పాటర్ చదివినవాడికో, తమతో కూర్చుని అనిమే చూసినవాడికో పంపుతారు. వాడు ఆ మాయలోకాన్ని సగం దారి ఎదురొచ్చి పలకరిస్తాడు. చెప్పనిది కూడా ఊహించుకుంటాడు, చెప్పింది ఎంత వదులుగా ఉన్నా సర్దుకుంటాడు. అద్భుతాన్ని ముందే ప్రేమించేవాడు అద్భుతానికి పరీక్ష పెట్టలేడు. నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఇదే: మాయల కథకు తొలి పాఠకులుగా మాయలంటే పడనివాళ్లని కూడా వెతికి తెచ్చుకోవాలి, ఒక్కొక్కరికీ ఒక్కో పని అప్పగించాలి. ఆ పద్ధతి మనది. బుర్రకథలోనూ అవధానంలోనూ సిద్ధంగా ఉంది.

బుర్రకథలో కథకుడు తంబురా భుజాన వేసుకుని, వేళ్లకి అందెలు పెట్టుకుని మధ్యలో నిలబడతాడు. అటొకరు ఇటొకరు గుమ్మెటలతో వంతలు. వంతల పని తాళం వేయడంతో, తందాన అనడంతో తీరదు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. కథ మరీ గంభీరంగా పోతుంటే హాస్యపు వంత అడ్డం పడి ఎగతాళి చేస్తాడు. రాజుగారి గొప్పలు హద్దు దాటితే రాజకీయపు వంత ఇవాళ్టి ధరల్నీ దొరల్నీ లాక్కొచ్చి నిలదీస్తాడు. షేక్ నాజర్ లాంటి మహా కథకుడికి కూడా ఆ ఇద్దరూ కావలసి వచ్చారు. ప్రేక్షకుల్లో నవ్వడానికి వచ్చినవాడూ ఉంటాడు, అడగడానికి వచ్చినవాడూ ఉంటాడు. వాళ్లిద్దరి తరఫునా వేదిక మీదే ఒక్కొక్క మనిషిని నిలబెట్టిన కళ అది.

అష్టావధానంలో ఈ పని ఎనిమిదిమంది పృచ్ఛకుల మధ్య ఇంకా పంచి ఉంటుంది. నిషిద్ధాక్షరి అడిగే పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డు చెబుతాడు. సమస్య ఇచ్చేవాడు అర్థం పొసగని పాదం ఒకటి చేతిలో పెడతాడు. దత్తపదివాడు సంబంధం లేని నాలుగు మాటలు ఇచ్చి పద్యంలో ఇమడ్చమంటాడు. ఒకడు గంటలు కొడుతూ ఉంటాడు. అప్రస్తుత ప్రసంగి పనల్లా ధ్యాస చెదరగొట్టడమే. ఎనిమిదిమందిలో ఏ ఇద్దరూ ఒకే ప్రశ్న అడగరు. "మీకెలా అనిపించిందో చెప్పండి" అని ఎనిమిదిమందికీ ఒకే మాట చెప్పి కూర్చోబెడితే అది అవధానం కాదు, సన్మాన సభ అవుతుంది.

వేదిక మీద పరీక్షించుకుని తిరగరాసిన గొప్ప రచన మనకి దగ్గర్లోనే పుట్టింది. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ప్రదర్శనకు ఎక్కింది, 1897లో అచ్చయింది. గురజాడ అక్కడితో సరిపెట్టుకోలేదు. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం. ఇవాళ మనం తలుచుకునే కన్యాశుల్కం ఆ రెండోదే. జనం ముందు ఆడిన నాటకాన్ని అంత ధైర్యంగా విప్పి మళ్లీ కట్టిన రచయిత ఉన్న నేల ఇది.

సాంఘిక కథ కన్నా ఫాంటసీకి ఈ పరీక్ష ఎక్కువ అవసరం. కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' చదివేవాడికి అప్పంటే ఏమిటో, పంచాయితీ అంటే ఏమిటో తెలుసు. రచయిత వదిలేసిన ఖాళీల్ని పాఠకుడి బతుకు పూరిస్తుంది. మాయలోకంలో ఆ సాయం లేదు. అక్కడ మంత్రానికి హద్దెంత, రాత్రి ఎంతసేపు, చచ్చినవాడు తిరిగొస్తాడా రాడా అన్నవి రచయిత చెబితేనే తెలుస్తాయి. చెప్పకపోతే పాఠకుడు దారి తప్పుతాడు. మరీ చెబితే కథ ఆగిపోయి చట్టాల పుస్తకం మొదలవుతుంది. ఎంత చెప్పాలన్నది రచయిత తనంతట తాను తేల్చుకోలేడు, ఎందుకంటే ఆ లోకంలో అతను కొన్నేళ్లుగా కాపురం ఉంటున్నాడు. కొత్తగా అడుగుపెట్టినవాడే చెప్పాలి.

చందమామ పత్రికకు ఈ కొత్తవాడు ప్రతి ఇంట్లోనూ దొరికాడు. దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి 'మకరదేవత', 'కంచుకోట', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం' వరసగా రాసుకుంటూ పోయారు. ఆ సీరియళ్లకు ఆయన పేరు ఉండేది కాదు. చిత్రా బొమ్మలు వేసేవారు. బొమ్మ వేయడానికి కూర్చున్న చిత్రకారుడు ఏ రచయితకైనా చాలా కఠినమైన పాఠకుడు. కోటకి ద్వారం ఎటుందో, మొసలి మీద కూర్చున్నవాడి కాళ్లు ఎక్కడున్నాయో తెలియకపోతే గీత పడదు. ఇక పత్రిక ఇంటికి వస్తే పెద్దవాళ్లు పైకి చదివేవారు, పిల్లలు బొమ్మ మీద వేలుపెట్టి వినేవారు, వంటింట్లోంచి మరొకరు చెవి వేసేవారు. ఒకే కథ మూడు వయసుల చెవుల్లో పడేది.

ఇప్పుడు ఇల్లు అలా లేదు. ఎవరి ఫోను వాళ్లది. కాబట్టి ఆ మూడు వయసుల్నీ రచయితే పనిగట్టుకుని వెతుక్కోవాలి. వెతకడానికి దువ్వాడ లాంటి చోటు అరుదుగా దొరుకుతుంది.

విశాఖ స్టేషన్‌కి వెళ్తే ఇంజను వెనక్కి తిప్పుకోవాలి కనక, కొన్ని దూరప్రాంతపు రైళ్లు ఊళ్లోకి పోకుండా దువ్వాడలో ఆగి అటునుంచటే వెళ్లిపోతాయి. నగరం అంచున ఉన్న ఈ స్టేషన్‌లో ఒడియా, బెంగాలీ, హిందీ, ఉత్తరాంధ్ర తెలుగు ఒకే బెంచీ మీద వినిపిస్తాయి. ఒకవైపు ప్రత్యేక ఆర్థిక మండలిలో షిఫ్టులకి వెళ్లే అమ్మాయిలు, అబ్బాయిలు. మరోవైపు ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు. కూర్మన్నపాలెం దాటితే ఉక్కునగరం. ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చిన ఊళ్లవాళ్లు, ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలిసిన 'ఆర్ కార్డు' (నిర్వాసితుల పునరావాస కార్డు) ఉన్న కుటుంబాలు, చుట్టుపక్కల కాలనీల్లోనే ఉంటున్నాయి. 1966 ఉక్కు ఉద్యమం గురించి చెప్పగల ముసలివాళ్లూ ఉన్నారు, కొరియన్ సీరియళ్లు తప్ప ఇంకేమీ చూడని మనవరాళ్లూ ఉన్నారు. కావలసిన పృచ్ఛకులందరూ కొద్ది కిలోమీటర్ల లోపలే ఉన్నట్టు లెక్క.

ఉదాహరణకి మీ కథలో మంత్రఖడ్గం పోతపోసే ఘట్టం ఉందనుకోండి. బ్లాస్ట్ ఫర్నేస్‌లో పనిచేసిన మనిషికి అది వినిపించండి. ఇక్కడి ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. జానపద కథలో పెట్టుకున్నా నప్పే పేర్లవి. 1400 డిగ్రీలు దాటిన ద్రవలోహం ట్యాప్‌హోల్ (ఫర్నేసు అడుగు రంధ్రం)లోంచి బయటికి దూకడం ఏళ్ల తరబడి చూసినవాడు, మీ వీరుడు మూస పక్కన నిలబడి తీరిగ్గా ప్రేమ సంభాషణ చెబుతుంటే ఊరుకోడు. "ఆ వేడికి మాట రాదండీ, మొహం తిప్పుకోవాలి" అంటాడు. మంత్రం సంగతి అతను అడగడు, మంత్రాన్ని ఒప్పేసుకుంటాడు. వేడిని మాత్రం ఒప్పుకోడు. ఆ ఒక్క మాటతో మీ ఘట్టం నిజమవుతుంది. మొహం తిప్పుకుని మాట్లాడే ప్రేమికుడు తీరిగ్గా మాట్లాడేవాడి కన్నా ఎంతో మంచి పాత్ర.

చదువు రాని అవ్వ ఇంకో రకం. నూకాలమ్మ జాతర, పైడితల్లి సిరిమాను చూసి పెరిగిన మనిషికి అద్భుతం కొత్త కాదు. ఆమెకు ఎదురుగా కూర్చుని పైకి చదవాలి. "ఏటి బాబూ, ఆడికి ఎగిరే మంత్రం ఉంది గదా, మరెందుకు నడిసెల్తన్నాడు?" అని అడుగుతుంది. ఇంజనీరింగ్ కుర్రాడు ఇరవై పేజీల తర్వాత అడిగే ప్రశ్న ఆమె ఇరవై నిమిషాల్లో అడుగుతుంది. పైగా పైకి చదవడంలో మరో లాభం ఉంది. మీకు ఊపిరి చాలని వాక్యం ఎక్కడుందో ఆమె చెప్పక్కర్లేదు, మీ గొంతే చెబుతుంది. ఊ కొట్టడం ఆగిందంటే అక్కడ పెన్సిలుతో గీత పెట్టండి.

మన దగ్గర అసలు అడ్డంకి మొహమాటం. తెలిసినవాళ్లెవరూ బాగాలేదనరు. "బాగుంది" అంటారు, ఇంకా ఇష్టమైతే "చాలా బాగుంది" అంటారు, రెండూ దేనికీ పనికిరావు. అందుకని అభిప్రాయం అడగొద్దు, కథ తిరిగి చెప్పమనండి. వారం తర్వాత చెప్పమంటే ఇంకా మంచిది. చెప్పేటప్పుడు వదిలేసిన ఘట్టం అతని మనసులో పడలేదన్నమాట. మీరు రాయనిది అతను కలిపి చెప్పాడంటే అక్కడ కథకు ఏదో కావాలి, అది అతనే వెతికి పెట్టాడు. పాత్రల పేర్లు ఒకదాని బదులు ఒకటి చెబితే ఆ పేర్లు మార్చండి. వింధ్యకేతుడు, చంద్రకేతుడు, ధూమకేతుడు ముగ్గురూ ఒకే కథలో ఉంటే మీకు తప్ప ఎవరికీ గుర్తుండరు. ఎక్కడ పక్కన పెట్టి టీ తాగడానికి లేచారో, ఏ రాత్రి చదవడం మానేశారో అడగండి. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి మొహమాటం అడ్డురాదు, ఎందుకంటే వాళ్లు మిమ్మల్ని విమర్శిస్తున్నట్టు వాళ్లకి అనిపించదు.

రుచులు వేరైన పాఠకులు వేరువేరు మాటలు చెబుతారు. అప్పుడు ఎవరి మాట వినాలి? నా పద్ధతి ఇది. ప్రేమకథలు చదివే అమ్మాయీ, చరిత్ర పుస్తకాలు తప్ప ముట్టని రిటైర్డ్ ఉద్యోగీ ఒకే చోట ఆగితే, వాళ్లు చెప్పిన కారణాలు ఎంత వేరైనా ఆ చోటు బాగుచేయాలి. ఒక్కరే ఆగితే కారణం వినాలి, నచ్చితే మార్చాలి, లేకపోతే వదిలేయాలి. అందరి మాటా విని అన్నీ మార్చిన కథకి యజమాని ఉండడు. పాఠకుడు నొప్పి ఎక్కడుందో సరిగ్గా చూపిస్తాడు, మందు మాత్రం తరచూ తప్పు చెబుతాడు. "ఈ మాంత్రికుణ్ణి తీసేయండి" అన్నవాడి అసలు బాధ మాంత్రికుడు ఆలస్యంగా రావడం కావచ్చు.

ఇంగ్లండులో టోల్కీన్‌కి కూడా రెండు రకాల శ్రోతలూ తగిలారు. 1936లో 'ది హాబిట్' రాతప్రతిని ప్రచురణకర్త స్టాన్లీ అన్విన్ తన పదేళ్ల కొడుకు రేనర్‌కిచ్చి చదవమన్నాడు. కూలి ఒక షిల్లింగు. పిల్లవాడు బాగుందని చిన్న నివేదిక రాసిచ్చాడు, మరుసటేడు పుస్తకం వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లో సి.ఎస్. లూయిస్ గదుల్లో గురువారం రాత్రుళ్లు మిత్రులు కలిసి రాతప్రతులు చదువుకునేవారు. ఆ మిత్రుల్లో హ్యూగో డైసన్‌కి 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' అంటే పడేది కాదు. అతని చిరాకుకి చివరికి ఆ చదవడమే ఆగిపోయింది. లూయిస్ మాత్రం పట్టు వదలకుండా టోల్కీన్ చేత పూర్తి చేయించాడు. ఇక్కడ నాకు డైసన్ మీద కోపం లేదు గానీ, అతని నుంచి నేర్చుకోవలసింది ఒకటుంది. అడ్డం పడేవాడు కథని ప్రశ్నించాలి, కథ ఉండటాన్నే ప్రశ్నించకూడదు. బుర్రకథలో హాస్యపు వంత ఎంత ఎగతాళి చేసినా తంబురా లాక్కోడు. మాయలంటే పడనివాణ్ణి తెచ్చుకోండి, మీరంటే పడనివాణ్ణి వద్దు.

కూలి సంగతి కూడా చిన్నది కాదు. రెండొందల పేజీల రాతప్రతి చదవమనడం అంటే ఒక మనిషి రెండు మూడు సెలవు రోజులు అడగడం. షిఫ్టు దిగి వచ్చినవాడికి అది బరువు. ఇరవై పేజీల చొప్పున ఇవ్వండి, కాగితం మీద పెద్ద అక్షరాలతో ఇవ్వండి. డబ్బు తీసుకోకపోతే వాళ్ల పిల్లల ప్రాజెక్టుకో దరఖాస్తుకో మీ రాత అక్కరకొస్తుందేమో చూడండి. పుస్తకం వచ్చాక మొదటి పేజీలో వాళ్ల పేరు వేసి, ఇంటికి వెళ్లి చేతికివ్వండి.

ఒక్క జాగ్రత్త మిగిలింది. ఒక పాఠకుడు ఒక కథని మొదటిసారి ఒక్కసారే చదవగలడు. తిరగరాసిన ప్రతిని మళ్లీ వాళ్లకే ఇస్తే, పాత ప్రతి గుర్తుకొచ్చి లేనిది కూడా ఉన్నట్టు చదువుతారు. కాబట్టి దొరికినవాళ్లందరికీ మొదటి ప్రతే పంచిపెట్టకూడదు. ముగ్గురికిచ్చి, వాళ్లు చెప్పింది విని, తిరగరాసి, ఆ తర్వాత కథ పేరు కూడా వినని మరో ముగ్గురి దగ్గరికి వెళ్లాలి. ఆ ముగ్గురిలో ఒకరైనా ఫాంటసీ చదవనివాళ్లుండాలి, ఒకరికైనా మీరే పైకి చదివి వినిపించాలి.