బొమ్మల కథల్లో మా గడ్డాలు

మా పిల్లలకు చరిత్ర పాఠ్యపుస్తకం కంటే ముందు బొమ్మల్లోనే ఎదురవుతుంది. 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన అమర్ చిత్రకథ తెలుగుతో సహా ఎన్నో భాషల్లో ఇళ్లకూ బళ్లకూ చేరింది. చరిత్రని తేలిగ్గా నేర్పుతుందని మెచ్చుకున్నారు. ఏం నేర్పిందన్నదే మా ప్రశ్న.

వాక్యంలో 'కొందరు' అనొచ్చు, 'అయితే' అనొచ్చు. బొమ్మకు ఆ వీలు తక్కువ. గడ్డం, తలపాగా, ఎర్రబడ్డ కళ్లు, ఎత్తిన కత్తి - నాలుగు గీతలతో దుర్మార్గుడు తయారు. సుల్తాను పేరు మర్చిపోయినా గడ్డం గుర్తుంటుంది. ఆ గడ్డం ఇంట్లో అబ్బాకీ ఉంది. ఆ పిల్లవాడు ఎవరి పక్షాన నిలబడి కథ చదవాలి?

హల్దీఘాటీనే తీసుకుందాం. 1576లో అక్బర్ సైన్యాన్ని నడిపింది రాజపుత్రుడు మాన్‌సింగ్. రాణా ప్రతాప్ సేనానుల్లో ఒకడు పఠాను హకీంఖాన్ సూర్. దీన్ని హిందూ ముస్లిం యుద్ధంగా గీయాలంటే ఈ ఇద్దర్నీ గడి బయటికి నెట్టాలి. పద్మిని సంగతీ అంతే. చిత్తోడ్ 1303లో పడింది. ఆ దండయాత్రను రాసిన అమీర్ ఖుస్రో ఆమె పేరెత్తలేదు. 1540లో ఆమె కావ్యం రాసింది జాయసీ అనే సూఫీ. ఒక ముస్లిం కవి కల్పన చివరికి ముస్లింల మీదే నేరారోపణ అయింది.

అక్బర్, నూర్జహాన్‌ల మీదా పుస్తకాలు వేశారు కదా అంటారు. వేశారు. మేం ఆ పాదుషాల వారసులం కాం. దూది ఏకేవాళ్లం, బీడీలు చుట్టేవాళ్లం, రిక్షా తొక్కేవాళ్లం. మాకు ఏ గడిలో చోటుంది?

బొమ్మల కథలు వద్దని మేం అనడం లేదు. వాటిని చదవడం నేర్పమంటున్నాం. ఎవరు గీశారు, ఎవరి వైపు నుంచి గీశారు, ఎవర్ని వదిలేశారు అని తరగతిలో అడగనివ్వండి. 2011లో వచ్చిన 'భీమాయన'లో గోండు కళాకారులు దుర్గాబాయి, సుభాష్ వ్యామ్‌లు అంబేడ్కర్ జీవితాన్ని గళ్లలో బిగించలేదు. మెత్తని మాటలకు పిట్ట ఆకారపు బుడగలు, కులవిషం కక్కే మాటలకు తేలుకొండి ఉన్న బుడగలు పెట్టారు. అణచివేతను చూపే భాషని తమ గోడల మీది బొమ్మల్లోంచే తెచ్చుకున్నారు.

మాకూ అలాంటి పని ఉంది. 1857లో హైదరాబాద్ రెసిడెన్సీ మీదికి వెళ్లిన తుర్రేబాజ్‌ఖాన్ ఉన్నాడు. రజాకార్లను ఎదిరించి రాసినందుకు 1948లో హత్యకు గురైన షోయబుల్లాఖాన్ ఉన్నాడు. రజాకారు బొమ్మ ఒక్కటే చూసిన పిల్లలకు ఈ ముఖాలు కూడా చూపించాలి. వాటిని మా పిల్లలకే కాదు, వాళ్ల పక్క బెంచీ పిల్లలకూ చూపించాలి.