ఆ 'మనం'లో నేనెక్కడ?

నా ఫోన్‌కు పిలవకుండా వచ్చేవి మూడు రకాలు. ప్లాటు కొనమనేవి, లోను తీసుకోమనేవి మొదటి రకం. 1909కి మెసేజ్ పెడితే ఇవి కొంత తగ్గుతాయి. ఎన్నికలప్పుడు నాయకుడి గొంతుతో మోగి, హలో అనేలోపే ఉపన్యాసం మొదలుపెట్టేవి రెండో రకం. ఓటర్ల జాబితాలో మతం అనే గడి లేదు గానీ పేరు చాలు. అందుకే నాకు ఆకుపచ్చ బొమ్మతో రంజాన్ ముబారక్ వస్తుంది. వాటితోనూ నాకు పెద్ద పేచీ లేదు. ఎన్నికలతోపాటే పోతాయి.

పోనిది మూడో రకం. అది తెలియని నంబరు నుంచి రాదు. నాతో ఒకే బెంచీ మీద కూచుని, మా అమ్మీ చేసిన షీర్ ఖుర్మా తిన్న దోస్తు నుంచి వస్తుంది. 1909 వాళ్ల గడుల్లో బ్యాంకులున్నాయి, రియల్ ఎస్టేటు ఉంది. దోస్తు లేడు.

ఈ మూడో రకాన్ని సాహిత్యంగా చదవాలంటాను. నవ్వకండి. మన కథల సంపుటి ఐదువందల కాపీలు చెల్లడానికి ఏళ్లు పడుతుంది. ఈ వచనం పొద్దున పళ్లు తోముకునేలోగా ఊరు చుట్టి వస్తుంది. కవితకూ కథకూ విమర్శ రాసే మనం దీన్ని ఎందుకు వదిలేశాం?

దీనికి కర్త లేడు. అడిగితే, 'నేను రాయలేదురా, వచ్చింది పంపిన' అంటాడు. కర్త లేకపోయినా ఒక పాఠకుణ్ణి మాత్రం ఊహించుకుని రాసిన రచన ఇది. ఆ ఊహ ఎక్కడ దొరుకుతుందంటే ఒక్క సర్వనామంలో. 'మనం మేల్కోవాలి', 'మన ఆడపిల్లలు', 'మన డబ్బు వాళ్లకెందుకు'. తెలుగులో 'మేము' అంటే వినేవాడు బయట ఉంటాడు. 'మనం' అంటే లోపల ఉంటాడు. మా ఇంటి ఉర్దూలో రెండింటికీ ఒకటే 'హమ్'. ఈ తేడా నాకు తెలుగే నేర్పింది. ఇప్పుడు అదే తెలుగు నా అరచేతిలో నిలబడి 'మనం' అంటోంది. వింటున్నది నేనే. వ్యాకరణం ప్రకారం లోపలే ఉన్నాను. అర్థం ప్రకారం, ఎవరి మీద మేల్కోవాలంటున్నారో వాణ్ణి. రాసినవాడికి ఇది చదివేవాళ్లలో ఒక సాయిబు ఉంటాడన్న ధ్యాసే లేదు. పంపిన నా దోస్తుకూ లేదు.

'ఇది నీ గురించి కాదురా, నువ్వు మనోడివి' అన్నాడు అడిగితే. మరి ఎవరి గురించి? మా చిన్నమామూ గురించా? ఆయన తోపుడు బండి మీద పండ్లు అమ్ముతాడు. 2020 ఏప్రిల్‌లో, మధ్యప్రదేశ్‌లోని రాయ్‌సేన్‌లో ఒక ముసలాయన వేళ్లు నాలుకకు తడుపుకుంటూ పండ్లు సర్దే వీడియో దేశమంతా తిరిగింది. అది ఫిబ్రవరి నాటిది. తబ్లీగీ మర్కజ్ గొడవ మొదలు కాకముందుదే. దాన్ని కరోనా అంటించే కుట్రగా చూపించారు. మా మామూ బండిని ఒక కాలనీ గేటు దగ్గర పేరు అడిగి వెనక్కి పంపారు. చాలా చేతులు మారిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా వాట్సాప్ కట్టడి పెట్టింది కూడా ఆ ఏప్రిల్‌లోనే. బండి దాకా ఆ కట్టడి రాలేదు. ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీల మీది కేసులు కొట్టేసింది, వాళ్లను బలిపశువులను చేశారంది. ఆ వార్త గ్రూపులో నేనే పెట్టాను. ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. ఒకడు బొటనవేలి బొమ్మ పెట్టాడు.

మా గ్రూపులో అభ్యుదయవాదులూ ఉన్నారు. మీటింగుల్లో మతోన్మాదం మీద గంటసేపు మాట్లాడేవాళ్లు. వాళ్లు గ్రూపులో మాట్లాడరు. విడిగా నాకు ఫోన్ చేసి, 'పట్టించుకోకు, మ్యూట్‌లో పెట్టుకో' అంటారు. అయ్యా, మ్యూట్ మీకు సౌకర్యం. రేపు ఏ గేటు దగ్గర పేరు అడుగుతారో తెలుసుకోవడానికి నేను చదవక తప్పదు. నాకు చెప్పిన మాట వాడికి చెప్పడానికి మీకేం అడ్డమొచ్చింది?

మా వాళ్ల గ్రూపుల్లో తిరిగేవేమీ కడిగిన ముత్యాలు కావు. ఫలానా పార్టీకి ఓటెయ్యకపోతే ఇస్లాం ప్రమాదంలో పడుతుందంటాయి. అక్కడి 'హమ్'లో దూదేకులవాళ్లు ఉన్నారో లేదో ఎవరూ తేల్చరు. మా ఆపా సంగతి అసలు ఎత్తరు. దాని మీద వేరే రాయాలి, రాస్తాను.

గ్రూపు వదిలెయ్యరాదా అంటారు. సులువే. 2022 నుంచి బయటికి పోయినా అడ్మిన్లకు తప్ప ఎవరికీ కబురందదు. చప్పుడు లేకుండా మాయమైపోవచ్చు. కానీ నేను పోయిన క్షణాన ఆ 'మనం' వ్యాకరణంలో తప్పులేనిదైపోతుంది. తప్పు పట్టడానికైనా లోపల ఒకడు ఉండాలని ఉన్నాను.

నిన్న రాత్రి ఇంకోటి వచ్చింది. దాని కింద, 'మనం అన్నప్పుడు ఎవరెవర్ని లెక్కేసినవురా' అని రాశాను. పొద్దుటికి రెండు టిక్కులూ నీలం అయ్యాయి.