పార పట్టినవాడు, కెమెరా పట్టినవాళ్లు

‘ది డిగ్’ (2021) చూసినవాళ్లకి గుర్తుండిపోయేది బేసిల్ బ్రౌన్‌గా వేసిన రేఫ్ ఫైన్స్. బడి చదువు పెద్దగా లేదు; ఖగోళశాస్త్రం దగ్గర్నుంచి భాషల దాకా అన్నీ సొంతంగా నేర్చుకున్న మనిషి. 1939లో ఇంగ్లండ్‌లోని సటన్ హూలో ఎడిత్ ప్రెట్టీ తన భూమిలోని దిబ్బ తవ్వమంటే తవ్వి, 27 మీటర్ల ఓడ ఆనవాలు బయటపెట్టాడు. ఆనవాలే. చెక్కంతా ఎప్పుడో ఇసుకలో కలిసిపోయింది. మిగిలింది ఇనుప మేకుల వరసలూ, ఇసుకలో పడ్డ అచ్చూ. ఒక్క మేకూ కదపకుండా ఆ వరస పట్టుకుపోయి ఓడ ఆకారం నిలబెట్టడం డిగ్రీలతో వచ్చే పని కాదు. ఆ ఓపికని సినిమా బాగా చూపించింది.

భూమి ప్రెట్టీది కాబట్టి మొదట్లో ఆవిడ మాటే అనుమతి. తర్వాత కేంబ్రిడ్జ్ నుంచి చార్లెస్ ఫిలిప్స్ దిగి తవ్వకాన్ని చేతిలోకి తీసుకుంటాడు. సినిమాకి విలన్ దొరికాడు! నా పేచీ ఇక్కడే. ఫిలిప్స్‌కి గర్వం ఉంటే ఉండొచ్చు, కానీ అడ్డుచెప్పడాన్ని వట్టి అహంకారంగా చూపిస్తే ఎలా? తవ్వకానికి అన్‌డూ ఉండదు. పొర తీసేశాక మిగిలేవి రాసుకున్నదీ, గీసుకున్నదీ, ఫొటోలూ.

ఆ ఫొటోలు ఎవరు తీశారు? సినిమాలో రోరీ లోమాక్స్ అనే అందగాడు. అలాంటివాడు అసలు లేడు. నిజంగా వందల ఫొటోలు తీసింది, కొన్ని రంగుల్లో కూడా, మెర్సీ లాక్, బార్బరా వాగ్‌స్టాఫ్ అనే ఇద్దరు టీచర్లు, సెలవుల్లో వచ్చి. చదువుకోని ఔత్సాహికుడికి న్యాయం చేయాలని బయల్దేరిన దర్శకుడు సైమన్ స్టోన్, ఇద్దరు ఔత్సాహికుల్ని తుడిచేసి, ఆ చోట ఒక ప్రేమకథ పెట్టుకున్నాడు. పెగ్గీ పిగాట్‌దీ అదే గతి. ఒళ్లు తేలికని పనిలోకి తీసుకున్న పిల్లలా కనిపిస్తుంది. అప్పటికే ఆవిడ లండన్‌లో పురావస్తుశాస్త్రం చదివి, సొంతంగా తవ్వకాలు నడిపింది. మూల నవల రాసిన జాన్ ప్రెస్టన్ ఆవిడకి దగ్గర బంధువే, అయినా ఇంతే.

ఈ సినిమా చూసి ఉత్సాహపడే మనవాళ్లకి ఒక మాట. ఇక్కడ సొంత పొలమైనా బ్రౌన్‌లా తవ్వే వీల్లేదు. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం 24వ సెక్షన్ ప్రకారం రక్షిత ప్రాంతాల బయట కూడా, రాష్ట్ర ప్రభుత్వమైనా సరే, కేంద్రం ముందస్తు అనుమతి లేకుండా పురావస్తు తవ్వకం చేపట్టకూడదు. అనుమతి ఉన్న తవ్వకంలో చోటు దొరికినా, కొత్తవాళ్ల చేతికి సాధారణంగా వచ్చేది కుండపెంకులు కడగడం, కొలతలు రాసుకోవడం, ఫొటో కోసం స్కేలు పట్టుకోవడం. సినిమా లెక్కలో ఇవి కథకి పనికిరాని పనులు.

యుద్ధకాలంలో సైన్యం ఆ నేల మీద శిక్షణ వాహనాలు నడిపింది. 1960లలో మళ్లీ తెరిచేసరికి ఓడ అచ్చు దెబ్బతిని ఉంది. 1939 ఆగస్టులో అది ఎలా ఉందో కళ్లారా చూడాలంటే చాలావరకు ఆ టీచరమ్మల ఫొటోలే దిక్కు.