షాహిద్ దగ్గర బంతి ఉన్నప్పుడు

హాకీ ఆటగాడు మహమ్మద్ షాహిద్ 2016 జులై 20న గుర్‌గావ్‌లోని ఒక ఆసుపత్రిలో కన్నుమూశాడు. కాలేయం, మూత్రపిండాలు రెండూ దెబ్బతిన్నాయి. యాభై ఆరేళ్లు పోయే వయసు కాదు. రియో ఒలింపిక్స్‌కి పదహారు రోజులే ఉండటంతో అందరి దృష్టీ అటే ఉంది. మా ఆఫీసులో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు ‘ఎవరు సార్ ఈయన?’ అని అడిగారు. మాస్కో స్వర్ణం, అర్జున అవార్డు, 1981లో పద్మశ్రీ, మూడు ఒలింపిక్స్... ఇవన్నీ చెప్పొచ్చు. కానీ షాహిద్ జాబితా చెబితే తెలిసే మనిషి కాడు. ఏటా జులై వస్తే ఆ కుర్రాళ్ల ప్రశ్న నాకు మళ్లీ గుర్తొస్తుంది. ఆయన ఎవరో చెప్పాలంటే ముందు డ్రిబ్లింగ్ అంటే ఏమిటో చెప్పాలి.

హాకీ కర్రకి ఒక వైపే చదునుగా ఉంటుంది. బంతిని ఆ వైపుతోనే తాకాలి, గుండ్రంగా ఉండే వెనక వైపుతో తాకితే తప్పు. కాబట్టి కుడి నుంచి ఎడమకి తోసిన బంతిని మళ్లీ కుడికి లాగాలంటే, కర్రని బంతి మీదుగా తిప్పి, కొన కిందకి వచ్చేలా బోర్లించాలి. ఈ పనంతా ఎడమ చేతిది. పైన పిడి పట్టుకుని మణికట్టుతో తిప్పేది అదే. కింద ఉన్న కుడి చెయ్యి వదులుగా ఉండి, కర్ర తనలో తిరగడానికి చోటిస్తుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలు కుడి చేతిని బిగబట్టేస్తారు. కర్ర తిరగదు, బంతి రెండడుగులు ముందుకి పారిపోతుంది. నడుస్తూ చెయ్యడమే కష్టమైన ఈ పనిని పరుగెత్తుతూ, తల పైకెత్తి, బంతి వంక చూడకుండా చెయ్యగలిగితే డ్రిబ్లింగ్ వచ్చినట్టు.

షాహిద్‌కి అది వచ్చు అంటే సరిపోదు. బంతిని అటూ ఇటూ ఆడించేవాళ్లు ఆ రోజుల్లో ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. షాహిద్ తేడా ఎక్కడంటే, ఆయన వేగం తగ్గించేవాడు కాదు. మామూలు ఆటగాడు డిఫెండర్ ఎదురవగానే ఒక్క క్షణం ఆగి, అటో ఇటో తేల్చుకుంటాడు. ఆ ఆగడంలోనే డిఫెండర్ సర్దుకుంటాడు. షాహిద్ పూర్తి పరుగులో నేరుగా డిఫెండర్ మీదకే వెళ్లేవాడు. భుజం ఒక పక్కకి వాలేది, నడుము ఆ పక్కకే ఒరిగేది, బంతి మాత్రం ఉన్నచోటే ఉండేది. డిఫెండర్ భుజాన్ని నమ్మి అడుగు వేసేవాడు. ఆ అడుగు నేలకి ఆనగానే షాహిద్ రెండో పక్క నుంచి వెళ్లిపోయేవాడు.

కబడ్డీ చూసేవాళ్లకి ఇది చప్పున అర్థమవుతుంది. కూతకి వెళ్లిన మంచి ఆటగాడు ఎదుటివాళ్ల మోకాళ్లని చూస్తాడు. వాళ్లలో ఎవరో ఒకరు తొందరపడి బరువు ఒక కాలి మీదకి మార్చేదాకా ఊరిస్తాడు. షాహిద్ చేసిందీ అదే. ఎటు వెళ్లాలో తేల్చుకునే భారం ఎదుటివాడి మీద పెట్టేవాడు. అందుకే ఆయన డ్రిబ్లింగ్‌ని మణికట్టు మాయ అని రాసినప్పుడల్లా నాకు తృప్తిగా ఉండదు. మణికట్టు ఆఖరున చేసే పని. అంతకుముందే అవతలి మనిషిని చదవడం అయిపోయి ఉండాలి.

ఇంకోటి, డిఫెండర్‌ని దాటాక ఏం చేసేవాడన్నది. దాటిన సరదాలో మరొకర్ని, ఇంకొకర్ని దాటబోయి బంతి పోగొట్టుకోవడం డ్రిబ్లర్లకి ఉన్న జబ్బు. షాహిద్ ఇద్దరు ముగ్గురిని తన మీదకి లాక్కుని, ఖాళీ అయిన చోటుకి బంతి తోసేవాడు. అక్కడ ఎడమ అంచున జఫర్ ఇక్బాల్ ఉండేవాడు. ఆ జంట ఆట చూసిన పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ రెండు పేర్లూ కలిపే పలుకుతారు. పూర్తిగా కొట్టకుండా, పూర్తిగా తొయ్యకుండా మధ్యస్థంగా వదిలే ఒక దెబ్బ కూడా షాహిద్ దగ్గర ఉండేది. కర్ర పెద్దగా పైకి లేవకపోవడంతో బంతి ఎప్పుడు బయల్దేరుతుందో గోల్‌కీపర్‌కి అందేది కాదు.

1979లో ఫ్రాన్స్‌లో జరిగిన జూనియర్ ప్రపంచకప్‌తో వెలుగులోకి వచ్చిన కుర్రాడు, మరుసటి ఏడాదే కరాచీ ఛాంపియన్స్ ట్రోఫీలో ఉత్తమ ఫార్వర్డ్ అనిపించుకున్నాడు. పాకిస్తాన్ గడ్డ మీద, ఆ కాలంలో, ఇరవై నిండకుండా! అదే ఏడాది జులైలో మాస్కో ఒలింపిక్స్. భాస్కరన్ కెప్టెన్. ఫైనల్లో స్పెయిన్ మీద 3-0తో ముందున్న మన జట్టు, కాసేపట్లోనే 3-2తో ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. అప్పుడు నాలుగో గోల్ కొట్టింది షాహిద్. స్పెయిన్ మూడోది కూడా కొట్టింది కాబట్టి, ఆ నాలుగోదే స్వర్ణం అయింది. చాలా దేశాలు రాని ఒలింపిక్స్ అది, నిజమే. దాన్నిబట్టి ఆ గోల్ విలువ తగ్గించేవాళ్లతో నేను ఒప్పుకోను. 3-2 దగ్గర స్పెయిన్ మైదానంలోనే ఉంది, మీదమీదకి వస్తోంది.

ఆ తర్వాతి ఏళ్లు బాధగా ఉంటాయి. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో పాకిస్తాన్ చేతిలో 1-7. 1986 లండన్ ప్రపంచకప్‌లో పన్నెండు జట్లలో ఆఖరి స్థానం. ఓటములు పెరిగేకొద్దీ నెపం డ్రిబ్లింగ్ మీద పడింది. 1976 మాంట్రియల్ నుంచి ఒలింపిక్ హాకీ కృత్రిమ మైదానం మీదకి మారింది. దాని మీద బంతి ఎగరదు, తడబడదు, కొట్టిన గీత మీదే దూసుకుపోతుంది. పరుగు, బలం, పొడుగు పాసులు గెలిపించే ఆట వచ్చిందనీ, మనవాళ్లింకా బంతితో ముచ్చట్లాడుతున్నారనీ అన్నారు. ఈ మాట నాకు ఎన్నడూ మింగుడు పడలేదు. షాహిద్ ఆడిన ఒలింపిక్స్ మూడూ ఆ మైదానాల మీదే కదా! మట్టిలో నేర్చిన విద్య అక్కడా పనిచేసింది. పనిచెయ్యనిది మన ఏర్పాటు. పిల్లలు ఎగుడుదిగుడు నేల మీద నేర్చుకుని, పోటీకి వెళ్లినప్పుడు కొత్త నేల మీద కాలు పెట్టేవాళ్లు. ఆ లోటుకి డ్రిబ్లింగ్‌ని దోషిని చెయ్యడం అన్యాయం.

ఆట ముగిశాక షాహిద్ బెనారస్ వదల్లేదు. పుట్టింది అక్కడే, ఉద్యోగం కూడా అక్కడి డీజిల్ లోకోమోటివ్ వర్క్స్‌లో, రైల్వే క్రీడాధికారిగా. ఇప్పుడు ఆ కర్మాగారం పేరు బనారస్ లోకోమోటివ్ వర్క్స్. పెద్ద నగరాలకి పోయి పేరుని డబ్బు చేసుకోవాలన్న ఆరాటం ఆయనలో కనపడలేదు. దాన్ని ఆయన సంతృప్తిగా నేను గౌరవిస్తాను. కానీ దేశం తరఫున ఎవరో ఒకరు ఆయన్ని పిలిచి, పదేళ్లు పిల్లల్ని అప్పగించి ఉండాల్సింది. ఇలాంటి విద్య పక్కన నిలబడి చూస్తే వచ్చేది. పుస్తకంలో ఎంత రాసినా ఆ భుజం ఎప్పుడు వాలాలో చెప్పలేం.

అయినా చూసి నేర్చుకున్నవాళ్లు ఉన్నారు. షాహిదే తన ఆరాధ్యుడని ధన్‌రాజ్ పిళ్లై ఎన్నోసార్లు చెప్పాడు, ఆఖరి రోజుల్లో ఆసుపత్రికి వెళ్లి చూశాడు కూడా. ఆ ధన్‌రాజ్‌తో కలిసి మన హైదరాబాద్ ముకేశ్ కుమార్ మూడు ఒలింపిక్స్ ఆడాడు. టోక్యో ఒలింపిక్స్‌లో నలభై ఒక్క ఏళ్ల తర్వాత మనకి హాకీ పతకం తెచ్చిన జట్టులో బెనారస్ కుర్రాడు లలిత్ ఉపాధ్యాయ్ ఉన్నాడు. షాహిద్ ఉంటే ఎంత సంబరపడేవాడో! మాస్కో జట్టూ తరిగిపోతోంది. ఆ ఫైనల్లో గోల్ కొట్టిన కౌశిక్, ఆయన సహచరుడు రవీందర్ పాల్ సింగ్ ఇద్దరూ 2021 మే 8న, ఒకే రోజున, కోవిడ్‌తో పోయారు.

‘ఎవరు సార్ ఈయన’ అని ఇప్పుడెవరైనా అడిగితే మాస్కో ఫైనల్ వీడియో వెతికి చూడమంటాను. బొమ్మ మసకగానే ఉంటుంది, పర్వాలేదు. షాహిద్‌కి బంతి అందగానే ఒక్కసారి ఆయన్నీ బంతినీ వదిలేసి, ఎదురుగా వస్తున్న డిఫెండర్ కాళ్లని చూడండి. ఏ కాలు ముందు పడుతుందో చూసి, మళ్లీ వెనక్కి తిప్పి అప్పుడు షాహిద్‌ని చూడండి.